నారోబోటులో ఒక రోజు: ఎండ, వాన, గాలి మధ్య లాంగోలెన్ కాలువ ప్రయాణం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండు, వేల్స్ సరిహద్దులో ఉన్న లాంగోలెన్ కాలువ మీద మా కుటుంబం మూడు నాలుగు సార్లు అద్దె పడవలో వెళ్లి వచ్చింది. అప్పటి నుంచి బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వైపు ఉంటున్న తెలుగు మిత్రులూ, పిల్లల దగ్గర నాలుగు నెలలు గడిపి వెళ్దామని వచ్చిన పెద్దలూ ఇంచుమించు ఒకే రకం ప్రశ్నలు అడుగుతున్నారు. వాటిలో సగానికి పైగా వాతావరణం గురించినవే కనుక ఈ జవాబులు కూడా అటే ఎక్కువగా మొగ్గుతాయి.

నారోబోటు అంటే ఎలాంటి పడవ?

అడుగు చదునుగా, ఒళ్లు సన్నగా పొడవుగా ఉండే ఉక్కు పడవను నారోబోటు అంటారు. వెడల్పు సుమారు 6 అడుగుల 10 అంగుళాలు మాత్రమే ఉంటుంది; పొడవు మాత్రం 30 అడుగుల నుంచి 70 అడుగుల దాకా ఉండవచ్చు. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ వంటి ఇంజనీర్లు మధ్య ఇంగ్లండులో కాలువలు తవ్వించినప్పుడు ఖర్చూ నీరూ కలిసివచ్చేలా చాలా చోట్ల లాకులను, అంటే నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే దించే తలుపుల గదులను, 7 అడుగుల వెడల్పుతోనే కట్టించారు. ఆ లాకులో పట్టేటంత సన్నగా పడవను చేసుకోవలసి వచ్చింది. ఒకప్పుడు గట్టు మీద నడిచే గుర్రం మోకుతో లాగగా బొగ్గు, సున్నపురాయి, పింగాణీ మట్టి మోసిన ఈ పడవల్లో ఇప్పుడు డీజిల్ ఇంజను, మంచాలు, చిన్న వంటగది, స్నానాల గది ఉంటున్నాయి.

గోదావరి లాంచీలో సరంగు గదిలో కూర్చుని చక్రం తిప్పుతాడు. ఇక్కడ చుక్కాని పట్టినవారు పడవ చిట్టచివర, ఆరుబయట నిలబడాలి. తలపైన కప్పు ఉండదు, ముందు అద్దం ఉండదు. వాతావరణం గురించి ఇన్ని ప్రశ్నలు రావడానికి ఈ ఒక్క ఏర్పాటే కారణం.

మీరు చెప్పే ఒక్కరోజు ప్రయాణం ఎక్కడి నుంచి ఎక్కడికి?

ష్రాప్‌షైర్‌లోని న్యూ మార్టన్ లాకుల కింద ఉదయం బయలుదేరి, వేల్స్‌లోని ట్రెవర్ దగ్గర సాయంత్రం పడవ కట్టేయడం మాకు బాగా అలవాటైన దారి. దూరం ఏడెనిమిది మైళ్లకు మించదు. కానీ ఆ కొద్ది దూరంలోనే రెండు లాకులు, రెండు అక్విడక్టులు (లోయ మీదుగా కాలువనే దాటించే వంతెనలు), రెండు సొరంగాలు, ఒక ఎత్తుడు వంతెన తగులుతాయి. న్యూ మార్టన్ లాకులు దాటాక లాంగోలెన్ ఊరి దాకా మరో లాకు ఉండదు. చర్క్ దగ్గర అక్విడక్టు మీద కైరియోగ్ నదిని దాటుతూ ఇంగ్లండు నుంచి వేల్స్‌లోకి వెళ్తాము కనుక, సరిహద్దు దాటేటప్పుడు మన కింద 70 అడుగుల లోతున నది ఉంటుంది. 1801లో పూర్తయిన ఆ అక్విడక్టు పక్కనే, దానికంటే ఎత్తుగా, 1848 నాటి రైలు వంతెన ఉంది. రైలు పోతుంటే పిల్లలు తల ఎత్తి చూస్తారు, రైల్లోవాళ్లు తల వంచి చూస్తారు.

ఏడెనిమిది మైళ్లకు ఒక రోజంతా ఎందుకు?

కాలువల మీద వేగ పరిమితి గంటకు 4 మైళ్లు, అంటే చురుగ్గా నడిచే మనిషి వేగం. గట్టుకు కట్టి ఉన్న పడవల పక్క నుంచి పోయేటప్పుడు ఇంజను ఇంకా తగ్గించాలి. లేకపోతే మన పడవ రేపిన అలకు వాళ్ల తాళ్లు బిగుసుకుని మేకులు ఊడివస్తాయి, లోపల పొయ్యి మీది గిన్నె కూడా ఒలుకుతుంది. దీనికి తోడు లాంగోలెన్ కాలువలో చాలా కాలువల్లో కనిపించని ఒక ప్రత్యేకత ఉంది: ఇందులో నీరు నిలకడగా ఉండక, పారుతూ ఉంటుంది. లాంగోలెన్‌కు ఎగువన థామస్ టెల్‌ఫోర్డ్ రూపొందించగా 1808లో పూర్తయిన హార్స్‌షూ ఫాల్స్ అనే వంపు ఆనకట్ట దగ్గర డీ నది నీటిని కాలువలోకి మళ్లిస్తారు. ఆ నీరు నలభైకి పైగా మైళ్లు ప్రయాణించి హర్ల్‌స్టన్ జలాశయానికి చేరి తాగునీరవుతుంది. 1944లో చట్టప్రకారం పడవలకు మూసేసిన తరువాత కూడా ఈ కాలువ పూడిపోకుండా మిగిలిందంటే ఆ తాగునీటి పుణ్యమే. మనం వెళ్లేది ఎదురు నీటిలో కాబట్టి పోయేటప్పుడు పట్టినంత సమయం వచ్చేటప్పుడు పట్టదు. ఆగకుండా వెళితే నాలుగైదు గంటలు చాలు. భోజనం, జడివాన, ఫొటోలు, సొరంగం ముందు ఎదురుచూపు కలుపుకుంటే రోజు గడిచిపోతుంది.

ఏ నెలలో వస్తే వాన తప్పుతుంది?

ఏ నెలలో వచ్చినా తప్పదు. వేల్స్ కొండలకు పడమటి గాలులు నేరుగా తగులుతాయి కనుక ఆకాశం గంటకో రంగు మారడం ఇక్కడ మామూలే. చూసుకోవలసింది వానను కాదు, పగటి వెలుగును. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుగుంటుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అద్దె పడవలను చీకట్లో నడపనివ్వరు. శీతాకాలంలో లాకు తలుపులూ గోడలూ బాగుచేయడానికి కొన్ని భాగాలను వారాల తరబడి మూసేస్తారు కనుక, నవంబరు నుంచి మార్చి వరకు బయలుదేరేవారు 2012 నుంచి ఈ కాలువలను చూస్తున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్టు ప్రకటనలు ముందుగా చూసుకోవాలి.

ఒక ఏప్రిల్ రోజు మాకు ఎలా గడిచిందో చెబుతాను. ఉదయం ఆరింటికి తలుపు తీసేసరికి పడవ పైకప్పు మీద మంచు సన్నటి ఉప్పులా పేరుకుని ఉంది, తాళ్లు కర్రల్లా గట్టిపడ్డాయి. తొమ్మిదింటికల్లా కోటు విప్పేంత ఎండ కాసింది. పదకొండుకు చర్క్ చేరుతుండగా వడగళ్లు మొదలై పైకప్పు మీద శనగలు పోసినట్టు టపటపా మోగాయి. అవి ఆగీ ఆగకముందే మళ్లీ ఎండ వచ్చింది. ఎండా వానా కలిసి వస్తే కుక్కలకూ నక్కలకూ పెళ్లి అని మా పిల్లలకు చెబితే, ఈ దేశంలో వాటికి రోజూ పెళ్లేనా అని అడిగారు. మధ్యాహ్నం గాలి లేచింది. సాయంత్రానికి ముసురు పట్టింది.

వాన మొదలైతే పడవ ఆపేయాలా?

అక్కరలేదు. వానకు పడవకేమీ కాదు, తడిసేది చుక్కాని పట్టినవారు ఒక్కరే. తడవడం కన్నా కదలకుండా నిలబడి తడవడం కష్టం. గంటసేపు ఒకేచోట నిలబడితే చలి మోకాళ్ల నుంచి పైకి పాకుతుంది. అందుచేత వాన కోటుతో పాటు వాన పంట్లాము కూడా ఉండాలి, ఎందుకంటే కోటు మీద నుంచి జారిన నీరంతా తొడల మీదికే చేరుతుంది. చేతికి ఉన్ని తొడుగులు పనికిరావు, ఒకసారి తడిస్తే ఇత్తడి పిడి కన్నా అవే చల్లగా ఉంటాయి. తోటపనికి వాడే రబ్బరు పూత తొడుగులు చవకగా దొరుకుతాయి, పట్టు కూడా బాగుంటుంది. చెప్పులతో ఎవరినీ పడవ అంచు మీదికి రానివ్వవద్దు.

మా ఇంట్లో అరగంటకు ఒకరు చొప్పున చుక్కాని మార్చుకుంటాము. దిగినవారికి లోపల వేడి టీ సిద్ధంగా ఉండాలన్నది నియమం. దీన్ని పాటించినన్ని రోజులు ఎవరూ అలగలేదు.

గొడుగు వేసుకుని నడపవచ్చా?

వద్దు. చుక్కానికి ఒక చేయి, ఇంజను పిడికి మరో చేయి కావాలి; గొడుగు ముందు చూపును మూసేస్తుంది, గాలి వస్తే మనిషినే లాగుతుంది, తక్కువ ఎత్తు వంతెన కింద విరుగుతుంది.

గాలి గురించి అంతగా హెచ్చరిస్తారెందుకు?

మొదటిసారి వచ్చేవారు వానకు భయపడి గాలిని లెక్కచేయరు. అసలు జాగ్రత్తపడవలసింది గాలికే. నారోబోటు నీటిలో మునిగేది రెండు అడుగులు, రెండున్నర అడుగులు మాత్రమే. నీటిపైన మాత్రం అరవై అడుగుల పొడవున నిటారు గోడ ఉన్నట్టు ఉంటుంది. పక్క నుంచి గాలి తోస్తే ఆ గోడ తెరచాప అయిపోతుంది. మనం నిలబడేది వెనుక, చుక్కాని ఉండేది వెనుక, గాలి ముందుగా తిప్పేదేమో ముక్కును. పైగా ప్రొపెల్లర్ నీటిని చుక్కాని మీదికి నెడుతున్నప్పుడే చుక్కాని బాగా పనిచేస్తుంది కనుక, భయపడి ఇంజను తగ్గిస్తే పడవ మీద మిగిలిన ఆ కాస్త పట్టు కూడా పోతుంది. ఎదురుగా చెట్లు ఆగిపోయి ఖాళీ పొలాలు మొదలయ్యే చోట, రేవు ముఖద్వారాల దగ్గర, వంతెన దాటగానే వచ్చే మలుపులో గాలి హఠాత్తుగా తగులుతుంది. అక్కడికి చేరకముందే కొద్దిగా వేగం పెంచి, ముక్కును గాలి వచ్చే వైపుకు కాస్త ఏటవాలుగా పట్టి, పీత నడకలా పోవాలి.

ఆ ఏప్రిల్ మధ్యాహ్నం నేను సరిగ్గా దీనికి విరుద్ధంగా చేశాను. మలుపులో నాలుగు పడవలు కట్టి ఉన్నాయని ఇంజను బాగా తగ్గించాను. రెండు క్షణాల్లో ముక్కు అవతలి గట్టు వైపు తిరిగి ముళ్లపొదలో దూరింది, వెనుక భాగం ఇవతలి గట్టు దాకా వచ్చింది, పడవ కాలువకు అడ్డంగా గడియపెట్టినట్టు నిలిచిపోయింది. మా బావగారు ఉత్సాహంగా పైకప్పు మీది గడకర్ర తీసి అడుగున గుచ్చి నెట్టారు. పడవ కదిలింది, కర్ర మాత్రం బురదలో దిగబడి రాలేదు, ఆయన కర్రను వదలలేదు. అటువంటప్పుడు వదలవలసింది కర్రనే. తరువాత వెనక్కి వచ్చి తెచ్చుకోవచ్చు. ఆయన ఆఖరి క్షణంలో వదిలారు కనుక మోకాళ్ల వరకే తడిశారు. కట్టి ఉన్న పడవలో నుంచి ఒక పెద్దాయన టీకప్పు పక్కన పెట్టి వచ్చి, ఏమీ మాట్లాడకుండా మా పడవ నడిమి తాడు అందుకుని, గట్టు మీద రెండడుగులు వెనక్కి వాలి పడవను నిలబెట్టాడు. అరవై అడుగుల ఉక్కు ఒక ముసలి చేతికి అలా లొంగడం చూశాక, నడిమి తాడును ఎప్పుడూ చేతికందేలా పైకప్పు మీద పరిచి ఉంచుతున్నాము.

గాలి ఎంత ఉంటే ఆగిపోవాలన్నదానికి నాకు తెలిసిన కొలత ఇది: గట్టు మీద చెట్ల పెద్ద కొమ్మలు ఊగుతూ, నీటి మీద నురగ అంచులు కనిపిస్తే కట్టిన తాళ్లు విప్పము. ఉదయం ఎనిమిదికి తేలికగా ఉండి మధ్యాహ్నానికి పెరుగుతుందని ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ చెబితే తెల్లవారగానే బయలుదేరి పదకొండుకల్లా పని ముగిస్తాము. ఇక్కడ ఒక చిన్న మాట. పడవ వెనక్కి తిప్పుకోవడానికి కాలువను వెడల్పు చేసిన చోటును వైండింగ్ హోల్ అని రాస్తారు కానీ, చాలామంది పాతకాపులు దాన్ని విండింగ్ అనే పలుకుతారు. పూర్వం గాలి సాయంతో పడవ తిప్పేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. గాలిని పనికి వాడుకోవచ్చన్నది నిజమే, అయితే అది మన రెండవ ప్రయాణంలో నేర్చుకోవలసిన విద్య.

ఉరుములు, పొగమంచు వస్తే?

ఉరుము వినిపిస్తే పడవ కట్టి లోపలికి వెళ్లాలి, ఉక్కు పడవ వెనుక ఎత్తుగా నిలబడి ఉండడంలో తెలివి లేదు. పొగమంచులో ఎదుటి వంతెన కనిపించకపోతే బయలుదేరకూడదు. ఇక్కడ మంచు సాధారణంగా పది గంటలకు విడిపోతుంది, ఈలోగా ఉప్మా చేసుకోవచ్చు.

లాకు అంటే మన ధవళేశ్వరం లాకుల లాంటిదేనా?

పని ఒకటే, పరిమాణం వేరు. ధవళేశ్వరం, విజ్జేశ్వరం, బొబ్బర్లంక లాకులు చూసినవారికి ఇక్కడ కొత్తగా నేర్చుకునేది తక్కువ; మా నాన్నగారు న్యూ మార్టన్ లాకు చూడగానే, ఇది పిల్ల లాకురా అన్నారు. తేడా ఏమిటంటే అక్కడ లాకుల ఉద్యోగి తలుపులు తీస్తాడు, ఇక్కడ చాలా లాకుల దగ్గర ఎవరూ ఉండరు, అంతా మనమే చేసుకోవాలి.

పైకి ఎక్కేటప్పుడు కింది తలుపులు తీసి పడవను లోపలికి తెచ్చి, తలుపులు మూసి, పైతలుపు దగ్గరి తూములను వైండ్‌లాస్ అనే ఇనుప చేతిపిడితో కొద్ది కొద్దిగా ఎత్తాలి. నీరు ఒక్కసారిగా వస్తే పడవ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. నీటిమట్టాలు సమానమయ్యాక, అప్పటిదాకా ఎంత నెట్టినా కదలని తలుపు నడుముతో నెడితే నిదానంగా తెరుచుకుంటుంది. కిందికి దిగేటప్పుడు మాత్రం పైతలుపు లోపలి వైపు నీటి అడుగున పొడుచుకు వచ్చిన రాతి మెట్టు ఉంటుందని మరువకూడదు. లాకు గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది. పడవ వెనుక భాగం ఆ గీతకు ముందు ఉండాలి. నీరు తగ్గేటప్పుడు వెనుక భాగం ఆ మెట్టు మీద చిక్కుకుంటే ముక్కు కిందికి వాలి పడవ నిమిషాల్లో మునుగుతుంది. ఏ అనుమానం వచ్చినా ముందు తూములు దించాలి, తరువాత మాట్లాడుకోవాలి.

వానలో రెండు విషయాలు అదనం. తలుపుల మీది పలక దారి, లాకు అంచు రాళ్లు సబ్బు పూసినట్టు జారతాయి. పరుగెత్తకూడదు, తలుపు నుంచి తలుపుకు దూకకూడదు. రెండవది ఈ కాలువలో బాగా కనిపిస్తుంది: అదనపు నీరు లాకు పక్క నుంచి చిన్న మళ్లింపు గుండా దిగి, సరిగ్గా కింది తలుపుల ముందు కాలువలో కలుస్తుంది. రాత్రంతా వాన పడితే ఆ ధార బలంగా ఉండి, లాకులోకి దూరబోయే పడవ ముక్కును పక్కకు తోసేస్తుంది. ధార ఏ వైపు నుంచి వస్తుందో దూరం నుంచే చూసుకుని, కాస్త వేగంతో ముక్కును దానివైపుకే గురిపెడితే అదే సరిచేస్తుంది.

సొరంగంలో ఎదురు పడవ వస్తే ఏం చేయాలి?

చర్క్ సొరంగం పొడవు 459 గజాలు, ఆ తరువాతి వైట్‌హౌస్ సొరంగం 191 గజాలు. రెండింటిలోనూ ఒక్క పడవకే చోటు కనుక లోపలికి వెళ్లే ముందే చూసుకోవాలి. అవతలి వైపు చుక్క దీపం కనిపిస్తే పడవ వస్తున్నట్టే. పక్కకు ఆపి ఆగాలి. ముక్కు దీపం వెలిగించుకుని వెళ్లాలి. బయట ఎంత వాన ఉన్నా లోపల ఉండదనుకుంటారు కానీ, ఇటుకల మధ్య నుంచి చల్లటి చినుకులు సరిగ్గా మెడ మీద పడతాయి. ఎదురు నీరు ఇరుకులో బలంగా తగలడం వల్ల పడవ ఆగిపోయిందా అనిపిస్తుంది. పక్క గోడలో ఒక ఇటుకను గుర్తుపెట్టుకుని చూస్తే కదులుతున్నామని తెలుస్తుంది.

పోంట్‌కసల్తె అక్విడక్టు దాటడం భయంగా ఉంటుందా?

కొందరికి ఉంటుంది, దాన్ని దాచుకోనవసరం లేదు. విలియం జెస్సప్, థామస్ టెల్‌ఫోర్డ్‌ల ఆధ్వర్యంలో 1795లో మొదలై 1805 నవంబరు 26న ప్రారంభమైన ఈ కట్టడం 307 మీటర్ల పొడవున, డీ నదికి 38 మీటర్ల ఎత్తున పడవలను దాటిస్తుంది. 2009లో యునెస్కో దీన్నీ, దీనికి అటూ ఇటూ ఉన్న సుమారు 11 మైళ్ల కాలువనూ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన మన పాత అక్విడక్టు తెలిసినవారికి ఆలోచన కొత్త కాదు. ఇక్కడ వింత ఏమిటంటే, నీరు పారేది రాతి తొట్టిలో కాదు, పోత ఇనుప పలకలు బోల్టులతో బిగించిన తొట్టిలో. అతుకులను చక్కెర పాకంలో మరిగించిన వేల్స్ ఉన్ని గుడ్డతో మూశారని చెబుతారు. మరమ్మతు సమయాల్లో అడుగున ఉన్న బిరడా తీసి నీటిని నదిలోకి వదిలేస్తారు.

తొట్టికి ఒక పక్క నడక దారి, కమ్ముల కంచె ఉన్నాయి. రెండవ పక్క కంచె లేదు. తొట్టి అంచు నీటికి కొద్ది అంగుళాలు పైకి ఉంటుంది, అంతే. పడవలో నుంచి చూస్తే ఆ అంచు కూడా కనపడక, కింద చెట్ల తలలు, ఆట మైదానం, నది మాత్రమే కనిపిస్తాయి. నా భార్య మొదటిసారి లోపల కూర్చుని కంచె ఉన్న పక్క కిటికీలో నుంచే చూసింది, రెండవసారి బయటికి వచ్చింది. పడవ తొట్టిలో నుంచి పడిపోవడం సాధ్యం కాదు, రైలు పట్టాల మీద పోయినట్టే పోతుంది. ప్రమాదమంతా మనుషులతోనే. పిల్లలు లోపల గానీ, పడవ ముందు భాగంలో కూర్చునే గుంటలో పెద్దల పక్కన కూర్చుని గానీ ఉండాలి. పక్క అంచు మీద, పైకప్పు మీద ఎవరూ ఉండకూడదు. పెంపుడు కుక్క ఉంటే కట్టేయాలి.

ఇక గాలి. కొండల మధ్య లోయలో గాలి గరాటులోలా దూసుకొస్తుంది. మా ప్రయాణంలో గాలి తగ్గేదాకా వ్రోన్‌కసల్తె దగ్గర ఎత్తుడు వంతెన దాటి గంటన్నర ఆగాము. ఆ గంటన్నరలో పులిహోర అయిపోయింది. తరువాత దాటుతుంటే పడవ పక్క ఇనుపతొట్టికి రాసుకుంటూ గర్రుమని మోగింది కానీ, అంతకు మించి ఏమీ కాలేదు. పడవ ముందుకు తోసిన నీటికి పక్కనుంచి వెనక్కి పోయే చోటు కావాలి కదా, అందుకే నడక దారిని నీటి పైకి చొచ్చుకువచ్చేలా స్తంభాల మీద నిలబెట్టారు, దాని కింద కూడా నీరే. చేయి జాపి ఆ నీరు వెనక్కి పరుగెత్తడం చూస్తూ మా చిన్నవాడు లోయ సంగతే మరిచిపోయాడు. ఇంజను పెంచినా వేగం పెరగదు. తొందరపడి ప్రయోజనం లేదు.

పడవలో చలి కాచుకోవడం, వంట ఎలా?

చాలా పడవల్లో బొగ్గూ కట్టెలూ వేసే చిన్న ఇనుప పొయ్యి గానీ, డీజిల్ హీటరు గానీ ఉంటుంది, వంటకు గ్యాసు. వాన చల్లగా కొడుతున్నప్పుడు గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది. అది ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి వచ్చి నిద్రపట్టినట్టే ఉంటుంది. రంధ్రాలను ఎప్పుడూ తెరిచే ఉంచాలి, అలారం పనిచేస్తోందో లేదో ఎక్కగానే మీట నొక్కి చూసుకోవాలి.

వంట విషయంలో మా అనుభవం ఇది: పడవ గట్టును తాకిన ప్రతిసారీ పొయ్యి మీది గిన్నె జారుతుంది కనుక, నడుస్తున్నప్పుడు నూనె మూకుడు పెట్టవద్దు. పులిహోర, పెరుగన్నం ఉదయమే కలిపి ఉంచితే చుక్కాని వదలకుండా చెంచాతో తినవచ్చు.

ప్రయాణం మధ్యలో పడవ మొరాయిస్తే?

ఇంజను మోగుతున్నా పడవ కదలకపోతే, చుక్కాని వణుకుతుంటే, ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుందన్నమాట. గాలివాన తరువాత కొమ్మలు, ఆకులు, ప్లాస్టిక్ సంచులు ఎక్కువగా కొట్టుకొస్తాయి. గట్టుకు కట్టి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్న తరువాతే వెనుక ఉన్న మూత తీసి చేయి పెట్టాలి. నీళ్లు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. ఒకసారి మాకు చిక్కింది ఎవరిదో చీర అంత పొడవున్న తెరగుడ్డ; కత్తితో కోసి తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. పని అయ్యాక మూతను గట్టిగా బిగించాలి, సడలి ఉంటే ఇంజను తిరగగానే నీరు లోపలికి చిమ్ముతుంది.

లైసెన్సు కావాలా? ఈత రావాలా?

అద్దె పడవ నడిపేవారికి విడిగా లైసెన్సు అక్కరలేదు. బయలుదేరే ముందు అద్దెకిచ్చినవారే గంటసేపు నేర్పుతారు. ఎదురు పడవ వస్తే కుడివైపుకు తప్పుకోవాలని, చుక్కాని ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుందని, ఈ రెండూ వంటబట్టడానికి ఒక పూట పడుతుంది. కాలువ చాలా చోట్ల నడుము లోతే కనుక ఈత రాకపోయినా రావచ్చు, కానీ పిల్లలకూ ఈత రానివారికీ లైఫ్ జాకెట్ తప్పనిసరిగా వేయాలి. చలినీటిలో పడిన అదురుకే ఊపిరి ఆగినట్టవుతుంది, లాకు లోపల లోతు కూడా ఎక్కువ.

వయసుమళ్లిన తల్లిదండ్రులను తీసుకురావచ్చా?

మోకాళ్లు సహకరిస్తే నిశ్చయంగా తీసుకురావచ్చు. ఎక్కడం, దిగడం పడవ గట్టుకు గట్టిగా కట్టిన తరువాతే జరగాలి. లోపల మెట్లు నిట్టనిలువుగా, మరుగుదొడ్డి ఇరుగ్గా ఉంటాయి. మా అమ్మ రోజంతా ముందు కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చుంది, లాకులు వచ్చినప్పుడు మాత్రం గొడుగు వేసుకుని గట్టు మీదికి దిగి లెక్కగా పర్యవేక్షించింది. గొడుగుకు పడవ ప్రయాణంలో ఉన్న స్థానం అదే.

నదిలోకి వెళ్తే ఈ మాటలన్నీ వర్తిస్తాయా?

వర్తించవు. కాలువలో నీటిమట్టం అదుపులో ఉంటుంది. నదిలో వాన పడిన మరునాడు ప్రవాహం పెరుగుతుంది, ఆనకట్టలు లాగేస్తాయి, లంగరు తప్పనిసరి అవుతుంది. హెచ్చరిక గుర్తులు ఎరుపు చూపిస్తుంటే పడవ విప్పకూడదు. మొదటి ప్రయాణానికి నది వద్దనే నా సలహా.

పడవ కట్టేశాక రాత్రంతా వాన కురిస్తే ఏమవుతుంది?

కాలువలో అదనపు నీరు పక్క తూముల మీదుగా పోతుంది కనుక మట్టం కొద్ది అంగుళాలకు మించి పెరగదు. తాళ్లను తీగల్లా బిగించకుండా కాస్త సడలుగా, ముందు తాడు ముందుకూ వెనుక తాడు వెనక్కూ ఏటవాలుగా కట్టాలి. అసలు ఇబ్బంది మేకులతో. మట్టి నానితే సుత్తితో ఎంత లోతుగా కొట్టిన మేకైనా, పక్క నుంచి వేగంగా పోయే ఒక్క పడవ అలకు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేస్తుంది. గట్టుకు ఇనుప పలకలు కొట్టి ఉన్న చోటైతే వాటికి తగిలించే కొక్కేలు వాడటం మేలు. లేకపోతే ఒక్కో తాడుకు రెండు మేకులు, నేల లోపల ఒకదానికొకటి అడ్డంగా పోయేలా కొట్టి, చీకట్లో నడిచేవారి కాలికి తగలకుండా వాటికి తెల్లసంచి తగిలించాలి. రాత్రి ఎనిమిది దాటాక ఇంజను నడపరు కనుక ఫోన్లన్నీ అంతకుముందే చార్జి చేసుకోవాలి. ట్రెవర్‌లో ఆ ముసురు రాత్రి నేను పన్నెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి టార్చి పట్టుకుని మేకులు చూసి వచ్చాను. రెండవసారి వెళ్లేసరికి వెనుక మేకు సగం పైకి వచ్చి ఉంది; పొరుగు పడవవాళ్లు నిద్రలేస్తారని సుత్తి వాడకుండా, మడమతో తొక్కి, నడిమి తాడును అదనంగా గట్టు మీది ఇనుప కడ్డీకి కట్టి వచ్చి పడుకున్నాను.